వాయిదాకీ వాయిదాకీ మధ్య

జూన్ 16, 2025, సోమవారం

పొద్దున ఎనిమిదింటికే పార్శీగుట్ట పెద్దమ్మ వచ్చి వరండాలో కూర్చుంది. చేతిలో పాలిథిన్ సంచి. అందులో భర్త సర్వీసు కాగితాలు, రేషన్ కార్డు, మరణ ధ్రువపత్రం జిరాక్సులు. కుటుంబ పెన్షన్ కోసం దరఖాస్తు పెట్టి నాలుగేళ్లయింది. ఆఫీసుకు వెళ్లినప్పుడల్లా ఫైలు పైకి పోయిందంటారట. పైన ఎవరి దగ్గరుందో మాత్రం ఎవరూ చెప్పరు.

సమాచార హక్కు దరఖాస్తు రాశాను. నాలుగే ప్రశ్నలు. ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది? ఏ తేదీన ఎవరి నుంచి ఎవరికి వెళ్లింది? ఎవరేం నోట్ రాశారు? ఆగడానికి కారణమేమిటి? తెల్ల కార్డు ఉంది కనుక పది రూపాయల ఫీజు కూడా లేదు.

"ఎందుకు గావాల్నో గూడ రాయి బిడ్డా. ఇంట్ల ఎట్ల గడుస్తున్నదో రాయి" అంది.

అక్కర్లేదమ్మా అన్నాను. 2005 చట్టం 6వ సెక్షన్‌లో ఆ మాట స్పష్టంగా ఉంది, అడిగేవాళ్లు ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు. ఇవ్వననే అధికారే ఎందుకివ్వడో చెప్పాలి. ఆమె నమ్మలేదు. నాలుగేళ్లుగా ప్రతి బల్ల ముందూ తన కష్టం చెప్పుకుంటూ నిలబడ్డ మనిషి ఎట్లా నమ్ముతుంది?

జూన్ 19, గురువారం

సాయంత్రం క్లాసు మొదలైంది. మీడియా చట్టం పేపరు ఈ ఏడు కూడా నాకే ఇచ్చారు. తొలిరోజు సిలబస్ తెరవను. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమావళిలోని 51వ నియమం బోర్డు మీద రాస్తాను. న్యాయవాది ఏమేం చేయవచ్చో అందులో వరసగా ఉంటుంది. పారితోషికం తీసుకుని పార్లమెంటు బిల్లులు పరిశీలించవచ్చు, న్యాయ గ్రంథాలకు సంపాదకత్వం వహించవచ్చు, పత్రికల్లో వచ్చే రాతను అచ్చుకు ముందు చట్టం కంటితో చూసిపెట్టవచ్చు, పరీక్ష పేపర్లు తయారు చేసి దిద్దవచ్చు. పూర్తికాలపు ఉద్యోగం కానంతవరకు, సొంత ప్రచారం చేసుకోనంతవరకు రేడియోలో మాట్లాడవచ్చు, పత్రికారచన చేయవచ్చు, పాఠం చెప్పవచ్చు.

నా ముప్పై ఏళ్ల బతుకు ఆ ఒక్క నియమంలో ఉంది. మొదట డెస్కు, తర్వాత కోర్టు, ఆ తర్వాత క్లాసు.

పాఠం చెప్పడానికి వేరే కొలత కూడా ఉంది. 1979 నాటి నిబంధనల ప్రకారం ప్రాక్టీసులో ఉన్న వకీలు రోజుకు మూడు గంటలకు మించకుండా న్యాయశాస్త్రం బోధిస్తే దాన్ని పార్ట్‌టైమ్‌గా లెక్కిస్తారు. నా క్లాసు గంటన్నర. ఆ గంటన్నర కోసం పొద్దున్నుంచీ ఎదురుచూస్తాను.

వెనక బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మేడం, విలేకరిగా ఉంటూ వకీలుగా ఉండకూడదని సుప్రీంకోర్టులో చెప్పారు కదా?" చదువుకునే వచ్చింది. 2024 డిసెంబరులో జస్టిస్ అభయ్ ఓకా ధర్మాసనం ముందు బార్ కౌన్సిల్ చెప్పింది అదే. న్యాయవాది పూర్తికాలమే కాదు, పార్ట్‌టైమ్ విలేకరిగానూ ఉండకూడదని. ఆ కేసులోని వకీలు విలేకరితనం వదులుకుంటానని హామీ ఇచ్చాడు. మరి 51వ నియమంలో 'పత్రికారచన' అన్న మాట ఎందుకున్నట్టు? వచ్చే గురువారానికి ఆ రెంటినీ కలిపి రెండు పేజీలు రాసుకు రమ్మన్నాను. నాకూ రాసుకోవాలని ఉంది.

జూన్ 24, మంగళవారం

వాయిదా పన్నెండింటికి పిలుస్తారనుకుంటే మూడున్నరైంది. బెంచ్ క్లర్క్ పక్కన స్టూలు మీద కూర్చుని, క్లాసులో ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న గురించీ నా రాత గురించీ ఆలోచించాను. చట్టం చదవాలని నాకెందుకనిపించిందో ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఇక్కడ రాసుకుంటాను.

రాత్రి డ్యూటీ. సిటీ ఎడిషన్ పేజీ వదలడానికి పావుగంట ఉంది. ఒక కో ఆపరేటివ్ సొసైటీ డబ్బు మాయమైన కేసు, గుమస్తాను అరెస్టు చేశారు. శీర్షికకు మూడు కాలమ్‌ల జాగా. 'నిందితుడు' పట్టలేదు, 'దోషి' పట్టింది. పెట్టాను. పేజీ వెళ్లిపోయింది.

మూడేళ్ల తర్వాత ఆ మనిషి ఆఫీసుకు వచ్చాడు. కోర్టు కేసు కొట్టేసిందన్నాడు. నా శీర్షిక కత్తిరింపును ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు. కూతురి సంబంధం చెడిన సంగతి చెప్పాడు, గొంతు పెంచకుండా. మరునాడు లోపలి పేజీలో రెండు లైన్ల సవరణ వేశాం. ఆయన ఆ రెండు లైన్లు చదివి, పేపరు మడిచి నా బల్ల మీదే పెట్టి వెళ్లిపోయాడు.

నాలుగక్షరాలు పట్టక రెండక్షరాలు పెట్టాను. ఆ ఏడే లా ఎంట్రన్సు రాశాను.

జూన్ 27, శుక్రవారం

రెండేళ్ల కిందట ఇదే నెలలో తెలంగాణ హైకోర్టు తెలుగులో తీర్పిచ్చింది. జస్టిస్ పి. నవీన్ రావు, జస్టిస్ నగేష్ భీమపాక. కేసు మన పక్కదే, మచ్చబొల్లారం భూమి మీద అన్నదమ్ముల తగువు, తల్లి వీలునామా. రాజ్యాంగం 348వ అధికరణ హైకోర్టు భాష ఇంగ్లీషనే అంటుంది. అయినా ఆ ఇద్దరు న్యాయమూర్తులు తెలుగులో కారణాలు రాసి చూపించారు.

క్లాసులో ఆ తీర్పు చదివిస్తాను. పిల్లలు మొదట నవ్వుతారు. 'అప్పీలుదారు', 'వాంగ్మూలం', 'ధ్రువీకరణ'. రెండో పేజీ దాటాక ఎవరూ నవ్వరు, అన్నదమ్ముల్లో ఎవరి మాట ఎందుకు నిలబడిందో అర్థమవుతూ ఉంటుంది. ఓడినవాడికి కూడా తను ఎందుకు ఓడాడో తన భాషలో తెలియాలి. వకీలు చెబితే తెలుసుకోవడం వేరు, తనే చదువుకోవడం వేరు.

జూలై 3, గురువారం

కేసు పని మీద షామీర్‌పేట. జూబ్లీ బస్ స్టేషన్లో కరీంనగర్ బస్సెక్కాను. అల్వాల్, హకీంపేట, తూంకుంట. ఎడమ కిటికీ పక్కన కూర్చున్నాను. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం పేరు రాసిన బోర్డు కనబడగానే ఎప్పట్లాగే మాడభూషి శ్రీధర్ ఆచార్యులు గుర్తొచ్చారు. ఆయనతో పరిచయం లేదు. ఆయన 'లా ఆఫ్ ఎక్స్‌ప్రెషన్' పుస్తకం మాత్రం నా బల్ల మీద అట్ట ఊడిపోయి ఉంది.

తండ్రి ఎం.ఎస్. ఆచార్య వరంగల్లో జనధర్మ వారపత్రిక నడిపారు. పత్రిక ఉన్న ఇంట్లో పుట్టిన పిల్లవాడు పత్రికారచయిత అయ్యాడంటే వింత లేదు. అక్కడ ఆగకుండా న్యాయశాస్త్రం చదివాడు, నల్సార్‌లో ఆచార్యుడయ్యాడు, పత్రికలవాళ్లకు చట్టం నేర్పాడు. 2013 నవంబరులో కేంద్ర సమాచార కమిషనర్‌గా ఢిల్లీ వెళ్లాడు. ఐదేళ్లు తీర్పరి. 2018లో దిగి మళ్లీ పాఠాలకే వచ్చాడు, బెనెట్ విశ్వవిద్యాలయం, తర్వాత ఇక్కడే బహదూర్‌పల్లిలోని మహీంద్రా విశ్వవిద్యాలయం. ఈ పొడుగునా తెలుగు పత్రికల్లో రాస్తూనే ఉన్నాడు.

మాతో డెస్కులో పనిచేసిన ఒకాయన అంటుంటాడు, మూడు పడవల మీద కాళ్లు పెట్టినవాడు ఏ ఒడ్డూ చేరడని. నేను ఒప్పుకోను. శ్రీధర్ ఆచార్యులు చేసింది మూడు పనులు కావు. అడగడం, జవాబు రాబట్టడం, ఆ జవాబు వెనక కారణాన్ని పదిమందికీ అర్థమయ్యేట్టు రాయడం. అదొక్కటే పని, కూర్చున్న కుర్చీలు మారాయంతే.

జూలై 7, సోమవారం

సికింద్రాబాద్ జనరల్ బజార్లో పని చూసుకుని సరోజినీదేవి రోడ్డు మీదుగా నడిచాను. డెక్కన్ క్రానికల్ భవనం. ఆంధ్రభూమి కూడా అక్కడి నుంచే వచ్చేది, గోరా శాస్త్రి సంపాదకీయాలు రాసిన పత్రిక. ఆయన ఖాసా సుబ్బారావు దగ్గర తెలుగు స్వతంత్రలో పనిచేసి ఈ ఊరికి వచ్చినవాడు. సంపాదకీయం ఎట్లా మొదలుపెట్టాలో ఆయన్ను చదివి నేర్చుకున్నాం. విషయం మీదికి సూటిగా రావాలి. వకీలు వాదనకూ అదే పాఠం. జడ్జిగారి ముందు మొదటి నిమిషం పీఠికకు పెడితే రెండో నిమిషం దొరకదు.

జూలై 13, ఆదివారం

ఉజ్జయిని మహంకాళి బోనాలు. ప్యారడైజ్ దాటి బండ్లు పోనివ్వలేదు. నడిచే వెళ్లాను. సురిటి అప్పయ్య అనే డోలీ మోసే సిపాయి కథ మా అమ్మ చెప్పేది. 1813లో ఇక్కడ కలరా వచ్చినప్పుడు పటాలంతో ఉజ్జయినిలో ఉండి మొక్కుకున్నాడని, తిరిగొచ్చి అమ్మవారిని నిలిపాడని. తలమీద బోనం, వేపాకు, పసుపు నీళ్లు, పోతరాజు కొరడా చప్పుడు. ఒక చిన్న పిల్ల తన బోనం పడిపోకుండా రెండు చేతులా పట్టుకుని నాలిక బయటపెట్టి ఏకాగ్రతగా నడుస్తోంది. ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాను.

జూలై 14, సోమవారం

రంగం. పచ్చికుండ మీద నిలబడి స్వర్ణలత భవిష్యవాణి చెప్పింది. పూజారులు అడుగుతారు, అమ్మ జవాబు చెబుతుంది. వానలు ఎట్లా, పంటలు ఎట్లా, నా పిల్లల మీద నీ చల్లని చూపు ఉందా తల్లీ. చుట్టూ మైకులు పట్టుకుని విలేకరులు. డెస్కులో ఉన్నప్పుడు ఏటా ఈ కాపీ నా చేతికి వచ్చేది. కొత్తగా చేరిన రిపోర్టరు కాపీలో అమ్మ మాటను తన మాటల్లోకి మార్చి రాస్తే చీఫ్ సబ్ ఊరుకునేవాడు కాదు. "అమ్మ ఏమందో అదే రాయి" అనేవాడు. సాక్షి వాంగ్మూలం విషయంలో నా జూనియర్లకు నేను రోజూ చెప్పేదీ ఆ మాటే.

జూలై 18, శుక్రవారం

ముప్పై రోజులు నిండాయి. పెద్దమ్మకు జవాబు రాలేదు. మొదటి అప్పీలు రాసి రిజిస్టర్డ్ పోస్టులో వేశాం. పోస్టాఫీసులో రసీదు తనే తీసుకుని రెండు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

"జవాబియ్యకుంటే ఆళ్లకేమైతది?" అని అడిగింది. రెండో అప్పీలులో కమిషన్ తలుచుకుంటే రోజుకు రెండొందల యాభై చొప్పున ఇరవై ఐదు వేల దాకా ఆ అధికారి జీతంలోంచే కట్టాలమ్మా అన్నాను. కాసేపు ఆలోచించింది. "ఆయినె జీతం నాకెందుకు బిడ్డా. నాది నాకిస్తె చాలు."

జూలై 24, గురువారం

క్లాసులో శ్రీధర్ ఆచార్యులు 2014లో ఇచ్చిన ఒక ఆదేశం చదివాం. భర్త ప్రభుత్వోద్యోగి అయితే ఆయన జీతమెంతో తెలుసుకునే హక్కు భార్యకు ఉందని. జీతం ప్రజల డబ్బు, వెల్లడించాల్సిన సమాచారం. కుర్రాళ్లు గోప్యత అన్నారు. అమ్మాయిలు మనోవర్తి కేసుల్లో జీతం దాచే భర్తల సంగతి చెప్పారు. గంటన్నర సరిపోలేదు.

ఆ ఆదేశాల్లో నాకు నచ్చేది శైలి. అడిగినామె ఎవరో, ఏ గుమ్మం దగ్గర ఆమెను నిలబెట్టారో మొదట తెలుస్తుంది. సెక్షన్లు తర్వాత వస్తాయి. పత్రికవాడి చేయి అది. కోర్టు భాషలో కారణాలు చెప్పే ఉత్తర్వును స్పీకింగ్ ఆర్డర్ అంటారు, మాట్లాడే ఉత్తర్వు. ఎంత మంచి మాట! మాట్లాడని ఉత్తర్వు పైకోర్టులో నిలవదు. ఇది తెలిసే చాలామంది పెద్దపెద్ద మాటలతో పేజీలు నింపుతారు. మాటలెన్నో ఉండి కారణం లేని ఉత్తర్వులు వారానికి రెండైనా నా బల్ల మీదికి వస్తాయి.

ఆగస్టు 8, శుక్రవారం

కోర్టు క్యాంటీన్లో ఒక కుర్ర వకీలు బాలగోపాల్ గురించి అడిగాడు. వయసు ఇరవై నాలుగు, చూసే వీలు లేదు. ఆయన 2009 అక్టోబరు 8న పోయారు.

కాకతీయ విశ్వవిద్యాలయంలో లెక్కలు చెప్పిన మనిషి. 1985లో ఆ ఉద్యోగం వదిలారు. హక్కుల పని చేస్తూ, రాస్తూ, నలభై దాటాక లా చదివి నల్లకోటు వేసుకున్నారు. హైకోర్టులో ఒకసారి ఆయన వాదన విన్నాను. ఏ ఉపమానమూ లేదు, గొంతులో ఎత్తుపల్లాలు లేవు. ఒక మెట్టు, దాని మీద ఇంకో మెట్టు. ఎదుటి వకీలు కూడా రాసుకుంటున్నాడు. లెక్కల మాస్టారు సిద్ధాంతం నిరూపిస్తున్నట్టే ఉంది.

ఇదంతా చెబితే కుర్రాడు అడిగాడు, "మరి సంపాదన మేడం?" బిడ్డ అడిగింది న్యాయమైన ప్రశ్న. అద్దె కట్టాలి, చెల్లెలి ఫీజు కట్టాలి. మొదటి ఐదేళ్లు కష్టమే, నాకు పత్రికల్లో రాసిన వ్యాసాల డబ్బే బస్ పాసుకు అయ్యేదని చెప్పాను. అంతకు మించిన సమాధానం నా దగ్గర లేదు.

ఆగస్టు 15, శుక్రవారం

సెలవు. పాత కట్టలు సర్దాను. మద్రాసులో బి.ఎల్. చదివి వచ్చిన సురవరం ప్రతాపరెడ్డి 1926 మే 10న గోలకొండ పత్రిక మొదలుపెట్టారు. నైజాం రాజ్యంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, 1934లో 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక అచ్చువేశారు. ఇది వకీలు తెచ్చిన జవాబు. కోపంతో వ్యాసం రాసి ఊరుకోలేదు, 354 సాక్ష్యాలు దాఖలు చేశారు.

ఆగస్టు 22, శుక్రవారం

1948లో నిన్న రాత్రి షోయబుల్లా ఖాన్‌ను కాల్చారు. రాసిన చేతిని నరికారు. ఇవాళ తెల్లవారుజామున చనిపోయాడు. ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు, ఇంకా ముప్పై నిండలేదు. అంతకుముందు పనిచేసిన రయ్యత్ పత్రిక వకీలు మందుముల నరసింగరావుది. అది మూతపడితే ఇమ్రోజ్ పెట్టడానికి అండగా నిలిచింది మరో వకీలు బూర్గుల రామకృష్ణారావు. ఆ రోజుల్లో వకీళ్లే పత్రికలకు దిక్కు. కాల్పులు జరిగిన కాచిగూడ వైపు పోయినప్పుడల్లా ఆ కుర్రవాణ్ణి తలుచుకుంటాను.

ఆగస్టు 25, సోమవారం

ఢిల్లీ హైకోర్టు తీర్పు వచ్చింది. 2016 డిసెంబరులో శ్రీధర్ ఆచార్యులు ఇచ్చిన ఆదేశాన్ని కొట్టేశారు. 1978లో బి.ఏ. పాసైన విద్యార్థుల రిజిస్టరును దరఖాస్తుదారుకు చూపించాలని ఢిల్లీ విశ్వవిద్యాలయాన్ని ఆదేశించిన కేసు అది. ప్రధాని నరేంద్ర మోదీ పట్టా ఆ ఏటిది. ఆదేశం వచ్చిన కొద్దిరోజులకే మానవ వనరుల శాఖ కేసులు ఆయన బెంచి నుంచి మారిపోయాయి, 2017 జనవరిలోనే స్టే వచ్చింది. ఎనిమిదేళ్లు దాటాక ఇవాళ తేలింది. పట్టాలు, మార్కులు వ్యక్తిగత సమాచారమని, బయటపెట్టాల్సినంత ప్రజాప్రయోజనం ఇందులో లేదని జస్టిస్ సచిన్ దత్తా రాశారు.

రాత్రి రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. నా మొగ్గు కమిషనర్ వైపే. పట్టభద్రుల రిజిస్టరు విశ్వవిద్యాలయం అందరి కోసం ఉంచే పుస్తకం, స్నాతకోత్సవంలో వందలమంది ముందు చదివే పేర్లే అందులో ఉంటాయి. కానీ న్యాయమూర్తి రాసిందీ కొట్టిపారేసేది కాదు. ఒక్కడి కోసం తలుపు తెరిస్తే అదే తలుపులోంచి ప్రతి విద్యార్థి మార్కులూ బయటికి వస్తాయన్న భయం నిజమైనదే. వ్యక్తిగత సమాచారం ఇవ్వనక్కర్లేదనే సమాచార హక్కు చట్టం సెక్షన్ 8(1)(జె)ని 2023 నాటి డేటా రక్షణ చట్టం మరీ బిగించింది. ఆ సవరణతో పెద్దమ్మ లాంటివాళ్లు అడిగిన నోట్ ఫైలుకు కూడా 'వ్యక్తిగతం' అన్న మాట అడ్డుపెట్టుకుంటారేమోనని నా బెంగ.

గురువారం క్లాసుకు రెండూ జిరాక్సు తీయించాలి. నా అభిప్రాయం చివర్లో చెబుతాను, వాళ్లు అడిగితేనే.

ఆగస్టు 30, శనివారం

జవాబు వచ్చింది. పెద్దమ్మ కవరు విప్పకుండా పట్టుకొచ్చింది. పదకొండు పేజీల నోట్ ఫైలు నకలు. నేల మీద పరిచి వరసపెట్టి చదివి వినిపించాను. నాలుగేళ్లలో తొమ్మిది సంతకాలు. మొదటి నోట్‌లోనే కారణం ఉంది. సర్వీసు పుస్తకంలో భార్య పేరులో 'క్ష' ఉంది, ఆధార్‌లో 'చ్చ' ఉంది. 'స్పష్టత కోరవచ్చు' అని రాశారు. ఆమె నుంచి ఎవరూ స్పష్టత కోరలేదు. తర్వాతి ఎనిమిది సంతకాలూ 'చూశాను' అనే.

"గిదేనా?" అంది. "ఇన్నేండ్లు గీ ఒక్క అచ్చరమేనా బిడ్డా?"

ఇదేనమ్మా అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆ మొదటి పేజీ చేతిలోకి తీసుకుని, నేను వేలుపెట్టి చూపించిన చోట చాలాసేపు చూసింది. రెండు పేర్లూ ఒక్క మనిషివేనని అఫిడవిట్ రాస్తాను, సోమవారం నోటరీ దగ్గరికి పోదాం, వేలిముద్ర వేస్తే చాలు అన్నాను.

"ముద్రెందుకు? మా ఆయిన నేర్పిండు. సంతకం బెడ్తా."

సరిగ్గా వస్తుందో లేదో చూసుకుంటానని తెల్లకాగితం అడిగింది. పెన్ను గట్టిగా పట్టుకుని రాసింది. 'చ్చ' దగ్గర ఆగి, పైనున్న అక్షరాన్ని ఒకసారి చూసుకుని, ఒత్తును గీత కిందికి దింపింది.